వెస్ట్రీ నుంచి తిరిగొచ్చిన రిబ్కమ్మ

జయరాజ్ చేతులు అప్పటికే కంప్యూటర్ పెట్టె మూడో స్క్రూ మీద ఉన్నాయి. తీసిన స్క్రూని ఏ మూలది ఆ మూలకే వచ్చేటట్టు అట్టముక్క మీద పెట్టుకోవడం అతనికి అలవాటు. నాలుగోది తిప్పుతుండగా ఎదురుగా ఉన్న కంప్యూటర్ తెర నల్లబడింది. అతను తల ఎత్తలేదు. మనసులోనే లెక్కపెట్టాడు. ఏడు అనుకునేసరికి తెర మళ్లీ వెలిగింది.

నీలం రంగు మధ్యలో ఒక ఆడమనిషి ఫోటో. తెల్లచీర, బొట్టులేని నుదురు, ఎడమ చెంప మీద పులిపిరి. కింద పేరు, రిబ్కా. ఆవిడ నవ్వుతూ ఉంది. అర నిమిషం అలా నవ్వి మళ్లీ చీకట్లోకి పోయింది. ఏడు లెక్కపెట్టేలోగా మళ్లీ వచ్చింది.

కీబోర్డు గోడకు ఆనించి ఉంది. మౌస్ బల్ల కింద వేలాడుతోంది. తెరను ఎవరూ ముట్టుకోవడం లేదు.

"తొమ్మిది దినాల సంది గిదే వరస అన్నా," అంది బ్లెస్సీ గడప అవతల నుంచే. రిబ్కా చోటులోకి కొత్తగా వచ్చిన నర్సు ఆ అమ్మాయి. "కరెంటు పోతే పోతది. వచ్చిందంటే తనంతట తనే లేస్తది. లేసి మళ్ల గిట్లనే."

"బంద్ చెయ్యలేదా?"

"ఎవరు చేస్తరు? నువ్వే చెయ్యి, చూద్దాం."

జయరాజ్ నవ్వలేదు. పనిలో ఉన్నప్పుడు అతను మాట్లాడేది తక్కువ, నవ్వేది అంతకంటే తక్కువ. కారేపల్లిలో పుట్టాడు. పదో తరగతి తప్పి ఖమ్మంలో ఒక రేడియో షాపులో చేరాడు. రేడియోల నుంచి టీవీలకు, టీవీల నుంచి కంప్యూటర్లకు చేతులతోనే నడిచొచ్చాడు. పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీ ఒకటి పెట్టుకుని, కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్ నేర్చుకున్నాడు. చెప్పేవాళ్లు లేరు కాబట్టి ప్రతి తప్పూ తానే చేసి, తానే దిద్దుకున్నాడు. భద్రాచలంలో అతని కొట్టు మీద బోర్డు కూడా ఉండదు. రావలసినవాళ్లు ఎలాగో వస్తారు.

రిబ్కా కూడా అలాగే వచ్చింది, మూడేళ్ల కిందట. చర్ల దాటిన తర్వాత అడవి అంచున ఉన్న ఈ మిషన్ దవాఖానాలో ఆవిడ టీబీ మందులు మింగించే నర్సు. పాత కంప్యూటర్ ఎవరో దానమిచ్చారట. నాలుగు శనివారాలు వరసగా బస్సెక్కి వచ్చి, కొట్లో స్టూలు మీద కూర్చుని, అడిగిందే మళ్లీ అడగకుండా లైనక్స్ నేర్చుకుని పోయింది. తర్వాత కనపడలేదు. ఆవిడ పోయిందన్న సంగతి కూడా నిన్న ఫోనొచ్చాకే అతనికి తెలిసింది. మెదడుకెక్కిన మలేరియా. నలభై తొమ్మిది రోజులైంది.

పక్క మూత ఊడొచ్చింది. లోపల ఒక స్క్రూడ్రైవర్ పడి ఉంది, అతనిది కాదు.

"ముందు వచ్చినాయనది," అంది బ్లెస్సీ. "మూత దీసిండు, లోపల చూసిండు, నీళ్లు తాగొస్తనన్నడు. గట్లనే పోయి బస్సెక్కిండంట. మూత మళ్ల పాస్టరయ్యగారే బిగిచ్చిండు."

ఏం చూశాడో మూత వెనక్కి తిప్పితే తెలిసింది. లోపలి వైపు ఒక అట్ట అంటించి ఉంది. దాని మీద నీలం పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో రెండు వాక్యాలు.

కావలి ఆపొద్దు. పని జరగకపోతే ఎందుకు జరగలేదో ముందు అడుగు.

జయరాజ్ ఆ అట్టను చాలాసేపు చూశాడు. చచ్చిపోయిన మనిషి రాత అని కాదు. ఆ మాటలు తనవి. మూడేళ్ల కిందట స్టూలు మీద కూర్చున్న రిబ్కాకు తను చెప్పినవే. అన్న క్షణమే అతను మరిచిపోయాడు. ఆవిడ రాసి పెట్టుకుంది. ఇప్పుడు అవే మాటలు, ఆవిడ చేతిరాతతో, ఇనప మూత వెనక నుంచి అతని వైపు చూస్తున్నాయి.

తెర నల్లబడింది. ఏడు. ఆవిడ నవ్వింది.

*

ఆ గది కిటికీ వరండాలోకి తెరుచుకుంటుంది. తెర కూడా అటువైపే చూస్తుంది. అది రిబ్కా ఏర్పాటు. ఒక్కొక్క రోగి ఫోటో తీసి తెర మీద గళ్లుగళ్లుగా పేర్చింది. సోమ, బుధ, శుక్రవారాలు రోగి వచ్చి, ఆవిడ ముందర మాత్రలు మింగి, తన ఫోటో మీద తనే వేలు పెట్టి చూపిస్తే ఆవిడ మౌస్ నొక్కేది. ఫోటో చుట్టూ పచ్చగీత వచ్చేది. చదువు రానివాళ్లకు కూడా తమ ముఖం పచ్చబడటం అర్థమయ్యేది. ఇక్కడ కరెంటు రోజుకు ఐదారుసార్లు పోతుంది. వచ్చిన ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టే పని లేకుండా కంప్యూటరే లేచి, అర నిమిషం ఆగి, రిబ్కా పేరుతో తనే తెరుచుకునేటట్టు పెట్టింది. తెరుచుకోగానే ఆవిడ రికార్డు చేసి పెట్టిన గొంతు వినపడేది. దాని తీగ చర్చి మీది మైకుకు కలిపింది. వాగు అవతలి తండాకు కూడా ఆ పిలుపు చేరేది.

ఇప్పుడు తెర తెరుచుకోవడం లేదు. గొంతు లేదు. గేటు బయట ఇప్పచెట్టు కింద పదకొండు మంది గొడుగులూ గోనెసంచులూ కప్పుకుని నిలబడి ఉన్నారు. లోపలికి ఒక్కరూ అడుగు పెట్టడం లేదు. అందరికంటే ముందున్న పెద్దామె హేమ్లి. వాగు అవతలి తండా మనిషి. ఆమెకు నాలుగో నెల మందులు నడుస్తున్నాయి. వారం పైగా ఆగిపోయాయి.

"మాత్రలు చేతుల వట్టుకుని గేటు కాడికి పోయిన అన్నా," అంది బ్లెస్సీ. "రిబ్కమ్మ పిల్వంది నేనెట్ల మింగుత అంటది. ఆమె ముఖం సూపెట్టి మళ్ల తలుపేసుకుంటుంది, మమ్ముల పొమ్మంటుంది అంటది. ఇప్పుడు మానేస్తే ఆ రోగం ఈ మందులకు మళ్ల లొంగదు. హేమ్లి ఎటుంటే మిగతోళ్లు అటు."

"పేర్లు కాగితం మీద లేవా?"

"ఉన్నయి. కాగితం పిలుస్తదా?"

అప్పటిదాకా కిటికీకి వీపు పెట్టి అరుగు మీద కూర్చున్న మనిషి కొంచెం కదిలాడు. అంతోనయ్య, దవాఖానా గేటు కాపలాదారు, రిబ్కా భర్త. తొమ్మిది రోజులుగా అతను అక్కడే, అలా వీపు పెట్టే కూర్చుంటున్నాడు. ముఖం వచ్చేదీ పోయేదీ చూడడు. కానీ వెలుతురు అతని ఎదుటి గోడ మీద పడుతుంది, ఆరుతుంది.

*

పాస్టరు షాలేమ్‌రాజు తాళం వేసిన బీరువాలోంచి సీలు కవరు తెచ్చిచ్చాడు. అందులో కంప్యూటర్ మొత్తానికి పెద్ద పాస్‌వర్డ్ ఉంది. జయరాజ్ కీబోర్డు దించి మూడు మీటలు ఒక్కసారి నొక్కాడు. ఫోటో మాయమై నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. కంప్యూటర్ చేసిన ప్రతి పనినీ రాసుకునే చిట్టా ఒకటుంటుంది. దాన్ని తెరిచాడు.

ఒకే మాట. పంక్తి తర్వాత పంక్తి. రిబ్కా పేరు, రిబ్కా ఫోల్డర్, నిరాకరించడమైనది. రిబ్కా, నిరాకరించడమైనది. తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, వానలో, పొగమంచులో, ఈ గదికి తాళం ఉన్నప్పుడు కూడా. అతను పేజీలు దొర్లిస్తూ పోయాడు. అడుగు తగల్లేదు.

ఆ నిరాకరించేది కావలి. లైనక్స్‌లో మామూలు తాళాలు కాక ఇంకో కాపలా ఉంటుంది. సెలినక్స్ అంటారు. పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా, మనిషి సొంతదారే అయినా, దాని రాజ్యాంగం దానిదే. కాదంటే కాదు. తెర తెరవబోయేటప్పుడు లాగిన్ చేయించే ప్రోగ్రాం రిబ్కా ఫోల్డర్లో ఒక చిన్న కాగితం రాసుకోవాలి. కావలి ఆ చెయ్యి పట్టుకుంటోంది. రాయలేక అది వెనక్కొస్తోంది. మళ్లీ ముఖం.

నిజంగా కావలి పనేనా? తేల్చుకోవాలంటే ఒకటే దారి. జయరాజ్ చిన్న ఆజ్ఞ ఒకటి కొట్టాడు. అడ్డగించకుండా రాసుకుంటూ మాత్రం ఉండమని కావలికి చెప్పాడు. మళ్లీ ఫోటో ఉన్న తెరకు మారాడు.

ముఖం. చీకటి. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిది.

గళ్లుగళ్లుగా ముఖాలు తెరుచుకున్నాయి. చర్చి మీద మైకు గరగరమంది. తర్వాత, తడిసిన అడవి మీదుగా, తీరిక ఉన్న మనిషి గొంతు:

"మందేళయ్యింది. ఎండల నిలవడకుండ్రి. లోపలికి రాండ్రి."

మాట అయిపోయింది. రికార్డు అయిపోలేదు. ఆపడం మరిచిపోయినట్టుంది. ఒక ఊపిరి. కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగిన చప్పుడు. నేల మీద రెండు మూడు చెప్పుల అడుగులు. జయరాజ్ నేల మీదే కూర్చున్నాడు, ఆ గదిలో ఒకటే కుర్చీ. గదిలో ఉన్నవాళ్లందరూ దాని వైపు చూశారు. అది ఖాళీగా, ఎక్కడున్నది అక్కడే ఉంది.

గేటు బయట హేమ్లి ఒక కాలు లోపల పెట్టింది.

"స్తోత్రం!" అన్నాడు షాలేమ్‌రాజు. "అయిపాయె. ఇగ ముట్టకు జయరాజ్. గట్లనే ఉంచు."

"కాలేదయ్యగారూ. కావలోన్ని పండవెట్టిన, గంతే."

"పండనియ్యి! పండుకుంటే ఎవరికి నష్టం?"

"శనివారం శనివారం ఫోన్ లైన్ మీద భద్రాచలంకు లెక్క పంపుతరు గదా. గా లైన్ మీద ఎవరన్న లోపలికి వస్తరు. ఎవరికి ఏ రోగమున్నదో అంతా గిండ్లనే ఉన్నది. పెండ్లి కావలసిన పిల్లలవి కూడా." అతను అట్ట వైపు చూశాడు. "ఆమె ఒక్క మాట రాసి పెట్టింది. ఆ ఒక్కటే గాలికి వదిలి పోనా?"

"ఒక్క గంటాగు. హేమ్లి మింగినంక చెయ్యి."

అది సబబైన మాటే. ఆగి ఉంటే బాగుండేది. కానీ జయరాజ్ చేతులకు ఒక జబ్బు ఉంది. తప్పు కళ్లముందు పెట్టుకుని అవి ఊరుకోలేవు. వేళ్లు అప్పటికే కావలిని లేపేశాయి. తెర చీకటైంది. ఏడు. రిబ్కా ముఖం వచ్చి నవ్వింది.

గేటు దగ్గర హేమ్లి కాలు వెనక్కి తీసుకుంది. చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇంకేం మాట్లాడకుండా బురదబాట పట్టి వాగు వైపు నడిచింది. ఆమె వెనక ఒకరు, ఇద్దరు, ముగ్గురు.

"ఏం పని జేసినవన్నా!" అంది బ్లెస్సీ. "పిలిచి మొకం మీద తలుపేసినట్టయ్యింది. ఎగువన వానలు. వాగు పొద్దుగూకేలోపు నిండుతది. ఆమె అవుతలికి దాటితే ఇగ వారం దినాలు రాదు."

జయరాజ్ మళ్లీ కీబోర్డు మీదికి వంగాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

*

మళ్లీ నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. కావలి కాదంటోంది, సరే. ఎందుకు? కావలికి మనుషుల ముఖాలతో పని లేదు. ప్రతి వస్తువుకూ అంటించిన చీటీ ఒకటి చూస్తుంది, అంతే. ఇది ఇంటి సామాను, ఇది కొట్టు సామాను అని చెప్పే చీటీ. అతను రిబ్కా ఫోల్డర్లోని వస్తువుల చీటీలు బయటికి తీశాడు. ఒక్కదాని మీద కూడా ఇల్లు అని లేదు. ఫోటోలు, గొంతు, లెక్కలు, అన్నిటి మీదా ఒకే గుర్తు. ఊరూ పేరూ లేని చోటుకు వేసే గుర్తు. ఆవిడ సామాను ఆవిడ ఇంట్లోనే ఉంది. చీటీలు మాత్రం ఎక్కడివో.

"అయ్యగారూ, రిబ్కమ్మ పోయినంక ఈ ఫోల్డర్ని ఎవరన్న కదిలిచ్చిండ్రా?"

షాలేమ్‌రాజు కండువా సర్దుకున్నాడు. "కదిలిచ్చుడంటే..."

"చెప్పండయ్యగారూ. నీళ్లు నిండుతున్నయి."

ఈ క్రైస్తవ మిషన్‌లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే, వాళ్లు రోజూ వాడిన వస్తువులను మట్టి చేసిన నాడే తీసి వెస్ట్రీలో పెడతారు. చర్చిలో పాస్టరు అంగీ మార్చుకునే గది అది. నలభయ్యో రోజు ఆదరణ కూడికలో ప్రార్థన చేసి, ఏ వస్తువు ఎక్కడిదో అక్కడికి తిరిగి చేరుస్తారు. రిబ్కా గొడుగు, సంచి, కళ్లద్దాలు, చెప్పులు అన్నీ అలాగే పెట్టారు. షాలేమ్‌రాజు పద్ధతిలో లోటు రానివ్వడు. ఆవిడ రోజూ ముట్టుకున్నది కంప్యూటర్లోని ఫోల్డర్ కూడా కదా అనుకున్నాడు. సీలు విప్పి, కంప్యూటర్లోనే విడిగా ఒక చోటు తయారు చేసి, దానికి వెస్ట్రీ అని పేరు పెట్టాడు.

"ఆమె పని ఏదన్న చెడిపోతదేమోనని ముందు కాపీ జేసిన. అంతా వచ్చిందని చూసుకుని పాతది తీసేసిన. ఆ నలభై దినాలు కంప్యూటర్ బంద్ వెట్టి, మాత్రలు ఇండ్లకే పంపినం. నలభయ్యో నాడు ప్రార్థన చేసి, వెస్ట్రీల నుంచి ఎత్తి మళ్ల ఇంట్ల పెట్టిన. ఒక్క ఫైలు పోలేదు జయరాజ్. లెక్కవెట్టిన."

"పోలే. తీస్కపోయేటప్పుడు కాపీ జేసిండ్రు గదా, కాపీకి కొత్త చోటు చీటీ పడ్డది. తెచ్చేటప్పుడు కాపీ జెయ్యలే, ఎత్తుకొచ్చిండ్రు. ఎత్తుకొస్తే చీటీ దాంతోటే వస్తది. అన్నీ ఇంటికొచ్చినయి గని చీటీలన్నీ వెస్ట్రీయే. కావలోడు చూసి, మీరీ ఇంటోళ్లు కారు పొమ్మంటుండు."

షాలేమ్‌రాజు ముఖం పాలిపోయింది. "అంటే నేనే..."

"తప్పు పట్టేది ఏం లేదయ్యగారూ. అన్నీ జాగర్తగ చేసిండ్రు. నాకీ సంగతి తెలవనీకి నాలుగేండ్లు పట్టింది."

అరుగు మీద నుంచి అంతోనయ్య గొంతు వచ్చింది. ఆ పొద్దంతా అతను మాట్లాడటం అదే మొదలు. "ఆమె పేరు మీదనే అడుగుతుందా మిషను?"

"అవ్ అన్నా."

"ఎన్నిసార్లడిగింది?"

జయరాజ్ చిట్టాను లెక్కపెట్టమని కంప్యూటర్‌కే చెప్పాడు. అంకె వచ్చింది. అతను తెర మీంచే చదివాడు.

"ఆరువేల ఏడువందల ముప్పై ఎనిమిది."

అంతోనయ్య తలూపాడు. ఎదుటి గోడనే చూస్తూ, "అలిసిపోయుంటది," అన్నాడు.

రేకుల మీద మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

"అన్నా, ఒక మాట అడుగుత," అన్నాడు జయరాజ్. "ఇప్పుడు బాగయితే రోజూ ఆ గొంతు మళ్ల వస్తది. కరెంటు వచ్చినప్పుడల్లా. ఆ కుర్చీ చప్పుడు గూడ. వద్దంటే తీసేస్త. బ్లెస్సమ్మతోని కొత్తగ చెప్పిపిస్త."

అంతోనయ్య లేచాడు. మొదటిసారి కిటికీ వైపు తిరిగాడు. లోపల నల్లటి తెరే ఉంది, ముఖం లేదు. "ఆమె పిల్చేది నన్ను గాదు గదా తమ్మీ, వాళ్లను. ఉండనియ్యి." గోడకు వేలాడుతున్న గొడుగు తీసుకున్నాడు. వెస్ట్రీ నుంచి తిరిగొచ్చిన గొడుగే. "నేను వాగు కాడికి పోతున్న. నువ్వు జల్దీ కానియ్యి."

*

పని చిన్నదే. చీటీలన్నీ ఏ చోటువి ఆ చోటుకు తగ్గట్టు సరిచేయమని ఒకే ఒక ఆజ్ఞ. జయరాజ్ కొట్టబోయే ముందు అక్షరం అక్షరం చదువుకున్నాడు. కొట్టాడు. తెర మీద పంక్తులు పరుగెత్తాయి. ప్రతి రోగి ముఖం, ప్రతి పచ్చగీత, ఆవిడ గొంతు, ఒక్కొక్కటీ వెస్ట్రీ విడిచి ఇల్లు చేరుతున్నాయి. పంక్తులు ఆగాయి. కావలి మేలుకునే ఉందా అని అడిగాడు. ఉంది.

అప్పుడు అతను ప్లగ్గు పీకేశాడు.

బ్లెస్సీ కెవ్వుమంది.

"కరెంటు పోతే ఏమైతదో చూడాలె గదా," అన్నాడు. "ఇక్కడ అది రోజూ పోయేదే." పది లెక్కపెట్టి మళ్లీ పెట్టాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని వెనక్కి జరిగాడు. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

కంప్యూటర్ తనంతట తనే లేచింది. రిబ్కా ముఖం వచ్చింది. అర నిమిషం నవ్వింది. చీకటి. షాలేమ్‌రాజు పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనో లెక్కో తెలియదు. ఆరు. ఏడు.

ముఖాలు తెరుచుకున్నాయి. మైకు గరగరమంది.

"మందేళయ్యింది. ఎండల నిలవడకుండ్రి. లోపలికి రాండ్రి."

ఎండ లేదు. వాన పడుతోంది. ఊపిరి. కుర్చీ. అడుగులు. ఈసారి ఎవరూ కుర్చీ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికే అందరూ చిట్టాను చూశారు. అందులో కొత్త పంక్తి ఒక్కటి కూడా చేరలేదు.

ఐదు నిమిషాలు, పది నిమిషాలు. బాట మీద వాన తప్ప ఏమీ కదల్లేదు. జయరాజ్ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. ఒక గంట ఆగి ఉంటే, అనుకున్నాడు. ఆ మాట తనకు తాను చెప్పుకోవడం అదే మొదటిసారి కాదు.

తర్వాత మలుపులో ఒక గొడుగు కనపడింది. గొడుగు కింద హేమ్లి. పక్కన తడుస్తూ అంతోనయ్య. వాళ్ల వెనక ముగ్గురు. హేమ్లి కాళ్లు మోకాళ్ల దాకా వాగునీళ్లతో తడిసి ఉన్నాయి. సగం దాటిన దగ్గర గొంతు విని ఆగిపోయిందని తర్వాత అంతోనయ్య చెప్పాడు.

ఆమె గేటు దగ్గర ఆగలేదు. వరండాలోకి వచ్చి కిటికీ ముందు నిలబడి తెరను చూసింది. అక్కడ రిబ్కా లేదు. పదకొండు ముఖాలు ఉన్నాయి. రెండో వరసలో ముక్కుపుడకతో తన ముఖం.

"లేటయ్యింది రిబ్కమ్మా," అంది హేమ్లి, ఆ తెరతో కాదు, ఖాళీ కుర్చీతో.

బ్లెస్సీ చేతిలోంచి మాత్రలు తీసుకుని, ఒక్కొక్కటే మింగి, నోరు తెరిచి చూపించింది. చువ్వల్లోంచి చెయ్యి పెట్టి తన ఫోటో మీద వేలు ఆనించింది. బ్లెస్సీ నొక్కింది. ముఖం చుట్టూ పచ్చగీత వచ్చింది. ఆగిన రోజుల మాట డాక్టరుతో చెప్పాలని బ్లెస్సీ విడిగా రాసుకుంది. ఇప్పచెట్టు కింద మిగిలినవాళ్లు గోనెసంచులు దులుపుకుని ఒక్కొక్కరే లోపలికి వచ్చారు.

జయరాజ్ మూత చేతిలోకి తీసుకున్నాడు. అట్ట మీద రిబ్కా రెండు వాక్యాల కింద ఇంకా చోటుంది. జేబులోని పెన్నుతో రాశాడు: ఎక్కడినుంచైనా తెచ్చి పెడితే చీటీలు సరిచూడు. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ఒక గంట ఆగు. రెండో వాక్యం రాశాక కొట్టేద్దామనుకుని, కొట్టెయ్యలేదు.

మూత మూశాడు. నాలుగు స్క్రూలు, ఏ మూలది ఆ మూలకి. సీలు కవరు షాలేమ్‌రాజుకు ఇచ్చి కొత్త సీలు వేయించాడు. పారిపోయిన మెకానిక్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు, వస్తే తీసుకుంటాడని. రిబ్కా పేరుకు తను పెట్టిన కొత్త పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, దాన్ని బ్లెస్సీ అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"ఇగ నీదే బ్లెస్సమ్మా," అన్నాడు. "అవసరముంటే ఫోన్ చెయ్యి. కానీ ముందు అట్ట చదువు."

బ్లెస్సీ తలూపింది. కుర్చీ ముందుకు లాక్కుంది. అది కిర్రుమంది. ఒక్క క్షణం ఆగి, అందులో కూర్చుంది.